ఎన్ని ఎకరాలకు తడి?

హుజూర్‌నగర్ దిక్కు నీళ్ల ప్రస్తావన రాకుండా ఏ వాదనా ఎక్కువ దూరం పోదు. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఈ ఊళ్ల బతుకే మారింది. ఆ ఎడమ కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరైన మామ ఒకరు. వ్యవసాయ డిగ్రీ చదివి, హైదరాబాద్ అంచున ఒక గోల్ఫ్ క్లబ్బులో పచ్చిక బాధ్యత చూసే మేనల్లుడు ఇంకొకరు. ఆ కోర్సు వేసి పాతికేళ్లయింది. దాన్ని కొత్తగా తీర్చిదిద్దాలని క్లబ్బు కమిటీ అనుకుంటోంది. ఏమేం చేయాలో నోట్ రాసివ్వమని అల్లుణ్ని అడిగింది. కమిటీకి ఇచ్చే ముందు అతను దాన్ని మామ చేతిలో పెట్టాడు. పని అంచనాలు వేసి అలవాటున్న మనిషి కదా, తప్పులుంటే చెప్తాడని. మామ అంచనాల పేజీ దాకా పోనేలేదు.

మామ: పద్దెనిమిది గ్రీన్లు తవ్వి మళ్లీ కట్టాలె అన్నవ్. బంకర్లు మార్చాలె, పైపులన్నీ మార్చాలె, ఆట దూరం పెంచాలె, రెండు చెరువులు తవ్వాలె. అంతా బాగనే ఉన్నది. ఎన్ని ఎకరాలకు తడి పెడుతున్నరో ఒక్క లైను లేదేందిరా?

అల్లుడు: అది మారేది కాదు కదా మామా. మొత్తం 150 ఎకరాలు, అందులో 100 ఎకరాలకు నీళ్లు పెడతం. కోర్సు వేసిన నాటి నుంచీ అంతే.

మామ: మారేది కాదని ఎవరు చెప్పిన్రు? ఎండాకాలం రోజుకెంత పెడతరు?

అల్లుడు: ముదురు ఎండల్లో రోజుకు 5 మిల్లీమీటర్లు. ఎకరాకు 20 వేల లీటర్లు పడతయ్. వంద ఎకరాలకు 20 లక్షలు.

మామ: రోజుకు 20 లక్షల లీటర్లు!

అల్లుడు: ఆ అంకె చూసి ఉలిక్కిపడతవని తెలుసు. మరి నీ పొలం లెక్క కూడా తియ్. నాలుగు నెలలు రోజూ 5 మిల్లీమీటర్లు పెట్టినా 600 మిల్లీమీటర్లు. వరి ఒక పంటకు 1,200కు తక్కువ తాగదు. ఒక ఎకరం వరికి పెట్టే నీళ్లతో రెండెకరాల పచ్చిక బతుకుతది. పైగా మేం వాడేది కాలువ నీళ్లు కాదు, శుద్ధి చేసిన మురుగునీళ్లు. మేం తీసుకోకపోతే అవి మూసీల కలిసి మళ్లీ మన నల్లగొండ దిక్కే వస్తయ్.

మామ: వరి తింటరు, గడ్డి తినరు అనే మాట నేను ఎత్తను. మనిషికి ఆట కూడా కావాల్సిందే. నేనడిగేది వేరే. సాగర్‌ల నీళ్లు తక్కువైన ఏడు మేమేం చేసేటోళ్లం? వారబందీ పెట్టేటోళ్లం. కొన్ని రోజులు కాలువ పారిచ్చి, కొన్ని రోజులు బంద్ పెట్టేటోళ్లం. వరి వద్దు, ఆరుతడి పంటలేసుకోండని ఊరూరా తిరిగి చెప్పేటోళ్లం. చివరి భూములకు నీళ్లందక రైతులు తూముల కాడ రాత్రుళ్లు కాపలా కూసున్న ఏడాదులున్నయ్. నీళ్లు తగ్గితే ఆయకట్టు తగ్గాలె. ఆ సంగతి రైతుకు ఎవరూ నేర్పలే. పాతికేండ్లల్ల హైదరాబాద్ నీళ్ల గోస ఎంత పెరిగింది? మీ ఆయకట్టు ఒక్క ఎకరం తగ్గలే. ఇప్పుడు అంతా తవ్వుతున్నరు కదా, ఇప్పుడన్నా తగ్గియ్యరా?

అల్లుడు: తగ్గించే ముందు అసలు ఎందుకు తవ్వాల్సొచ్చిందో విను. గ్రీన్ అంటే బంతిని గుంతల వేసే చోటు. ఒక్కోటి 500 చదరపు మీటర్లుంటది. గడ్డిని 3, 4 మిల్లీమీటర్ల ఎత్తుకు రోజూ కోస్తం. అంత పొట్టిగ కోసినా బతకాలంటే వేరు లోతుకు పోవాలె, వేరు కింద నీళ్లు నిలవొద్దు. అందుకే అడుగున డ్రెయిన్ పైపులు, వాటి మీద 10 సెంటీమీటర్ల కంకర, ఆ పైన 30 సెంటీమీటర్ల ఇసుక. అమెరికా గోల్ఫ్ సంఘం 1960 నుంచి చెప్పుకొస్తున్న పద్ధతి ఇది. కొత్తల ఎంత వాన పడ్డా కాసేపటికే ఆడుకోవచ్చు. ఏండ్లు గడిచేకొద్దీ చచ్చిన వేర్లు, కాడలు ఇసుక మీద దట్టంగ పేరుకుంటయ్. నీళ్లు దిగవు, గాలి ఆడదు, వేరు పైపైనే ఆగిపోతది. వేరు పైనుంటే రోజూ తడి పెట్టాలె. పెట్టినకొద్దీ వేరు ఇంకా పైకే వస్తది. పాత గ్రీన్ కొత్తదానికన్నా ఎక్కువ నీళ్లు తాగుతది మామా. నీ నీళ్ల బాధకు కూడా మందు తవ్వకమే.

మామ: ఆకారాలు మారుస్తమని కూడా రాసినవ్. దానికీ వేరుకూ ఏం సంబంధం?

అల్లుడు: అది కోత మిషన్ చేసే నష్టం. నడిపేటోడు అంచు దాటి గీకొద్దని ప్రతిసారీ ఇంత లోపలికే తిప్పుతడు. పాతికేండ్లల్ల మూలలన్నీ పోయి, గ్రీన్ చిన్నగైపోయి గుండ్రంగ తేలింది. గుంతను అటు మార్చి ఇటు మార్చి పెట్టే చోటే లేకుండ పోయింది. దాంతోని అందరూ ఒకే చోట తొక్కుతరు, అక్కడ నేల గట్టిపడుతది. బంకర్లంటే ఇసుక గోతులు, వాటి సంగతి ఇంకో తీరు. వాటిల్లోంచి బంతి కొట్టినప్పుడల్లా ఇసుక ఎగిరి అంచు మీద పడుతది. ఏటేటా గట్టు లేస్తది, వాన నీళ్లు పోయే వాలు మారుతది. గ్రీన్ల మీద వేసింది టిఫ్‌డ్వార్ఫ్ అనే గరిక. మన గట్ల మీది గరికనూ ఆఫ్రికా గరికనూ కలిపి తీసిన రకం, 1965ల అమెరికాల విడుదల చేసిన్రు. నేలంతా ఒకే తీరు ఉండాల్సింది, ఇప్పుడు నానా రకాల మచ్చలు పడ్డది.

మామ: సరే, ఇసుక లెక్క చూద్దం. పద్దెనిమిది గ్రీన్లు, ఒక్కోటి 500, లోతు 30 సెంటీమీటర్లు. 2,700 ఘనపు మీటర్లు. ట్రాక్టర్ ట్రక్కుకు 3 ఘనపు మీటర్లు వేసుకున్నా 900 ట్రక్కులు. ఏ వాగు తవ్వుతరు?

అల్లుడు: ఏ ఇసుక పడితే అది పనికిరాదు. కనీసం 60 శాతం రేణువులు పావు మిల్లీమీటరుకూ ఒక మిల్లీమీటరుకూ మధ్యల ఉండాలె. కడగాలె, జల్లించాలె.

మామ: అంటే 900 ట్రక్కులు చేతికి రావాలంటే అంతకన్నా ఎక్కువే తోడాలె. ఇసుక పోయిన వాగు పక్కన బోర్లు ఎట్ల ఎండుతయో నీకు నేను చెప్పాల్నా? పద్దెనిమిదీ పాడైనయని చూసే రాసినవా?

అల్లుడు: గొట్టం దింపి నమూనాలు తీసిన. ఏడింటి అడుగు డ్రెయిన్లు పూర్తిగ పూడినయ్. మిగతా పదకొండు, పై పొర తీసి, రంధ్రాలేసి, ఇసుక నింపితే కొన్నేండ్లు నడుస్తయ్.

మామ: మరి పద్దెనిమిదని ఎందుకు రాసినవ్?

అల్లుడు: ఒకే కోర్సుల రెండు తీర్ల గ్రీన్లుంటే ఒకదాని మీద బంతి జారుతది, ఇంకోదాని మీద ఆగుతది. ఆటగాని చెయ్యి ఎంత బాగున్నా నేల మోసం చేస్తది. అది ఆటకు అన్యాయం.

ఈ మాట దగ్గర మామ కాసేపు ఆగాల్సింది. నేల ఒక్క తీరుగా ఉండాలనడం విలాసం కాదు. కబడ్డీ కోర్టుకైనా, క్రికెట్ పిచ్‌కైనా అదే మొదటి షరతు. అయితే పదకొండు గ్రీన్లు బాగుచేయదగినవని తనకే తెలిసి కూడా పద్దెనిమిదీ తవ్వాలని రాయడంలో ఉన్న తొందర అల్లుడిది ఒక్కడిదే కాదు. పాత చెరువు కట్ట మొదలు పాత బస్టాండు దాకా, మరమ్మతు అనగానే మొత్తం కూల్చి కట్టడమే మనకు తోస్తుంది. పూడిక తీస్తే సరిపోయే చోట కూడా.

మామ మాత్రం చెట్ల పేజీకి పోయాడు.

మామ: చెట్లు కొట్టాలని కూడా ఉన్నది ఇండ్ల. పచ్చదనం పెంచుతున్నమంటరు, చెట్లు కొడతమంటరు.

అల్లుడు: ఇది మాత్రం వెనక్కి తీసుకోను. కోర్సు వేసినప్పుడు నీడ కావాలని సుబాబుల్, తర్వాత అందం కోసమని కోనోకార్పస్ నాటిన్రు. హరితహారంల రోడ్ల పొంటి నాటి, తర్వాత వద్దనుకున్నరు చూడు, అదే కోనోకార్పస్. అవి పెరిగి పొద్దటి ఎండను ఆపేస్తున్నయ్. గరికకు ఎండ లేకపోతే బతుకు లేదు. పల్చబడ్డ గడ్డికి ఎరువు, మందు, నీళ్లు పోసి లాక్కొస్తున్నం. వేప, రావి, చింత మీద చెయ్యి వెయ్యం. కొట్టేది తప్పుగ నాటినవాటినే.

మామ: ఆ ముక్క నోట్‌ల రాయి మరి. ఉత్త చెట్లు అని రాస్తే నాలాంటోడు కోర్టుకు పోతడు. దూరం సంగతేంది? ఉన్న భూమి చాలదా?

అల్లుడు: ఇప్పటి కర్రలతోని, బంతులతోని కుర్రాళ్లు మునుపటికన్నా చాన దూరం కొడుతున్నరు. పాత కోర్సులు వాళ్లకు చిన్నగైపోయినయ్. ఆటకు నియమాలు పెట్టే సంస్థలే 2023ల బంతి దూరానికి కళ్లెం వేయాలని నిర్ణయించినయ్.

మామ: బంతికే కళ్లెం వేస్తున్నప్పుడు నువ్వు నేలను ఎందుకు సాగదీస్తున్నవ్? దూరం పెరిగితే కొత్త పచ్చిక, కొత్త తడి. ఆ పేరా కొట్టెయ్.

అల్లుడు: కొట్టేస్త. నిజానికి మా సభ్యులల్ల అంత దూరం కొట్టేటోళ్లు చాన తక్కువ. కానీ మామా, మొత్తం తవ్వి చేయడం దండగని మాత్రం అనకు. అమెరికాల పైన్‌హర్స్ట్ అనే ఊళ్లె రెండో నంబరు కోర్సు ఉన్నది. డొనాల్డ్ రాస్ గీసింది, 1907 నాటిది. ఏండ్ల తరబడి మెరుగులు దిద్ది దిద్ది దాని అసలు రూపమే పోగొట్టిన్రు. 2010ల బిల్ కూర్, బెన్ క్రెన్‌షా అని ఇద్దరు పట్టుకొని మరుసటి ఏటికి దాన్ని తిరిగి నిలబెట్టిన్రు. 2014ల అదే నేల మీద మగవాళ్ల యూఎస్ ఓపెన్, ఆ మరుసటి వారమే ఆడవాళ్లది జరిగినయ్. అంతకుముందు ఎన్నడూ అట్ల జరగలే.

మామ: ఏం చేసి నిలబెట్టిన్రు?

అల్లుడు: పాత ఫోటోలు చూసి అంచులు వెనక్కి తెచ్చిన్రు. ముప్పై అయిదు ఎకరాల దాకా పచ్చిక తీసేసి, అసలు అక్కడ మొలిచే గడ్డిని, ఇసుకను అట్లనే వదిలిన్రు. స్ప్రింక్లర్లు 1,150 నుంచి 450కి దించిన్రు.

మామ: అంటే ప్రపంచంల పేరున్నోళ్లు చేసింది ఆయకట్టు తగ్గించుడు! అది నీకు తెలుసు, నోట్‌ల మాత్రం రాయలే.

అల్లుడు: తెలుసు గనుకనే రాయలే. అక్కడిది ఇసుక నేల. నీళ్లు ఆపితే ఇసుక కనపడుతది, దాని అందం దానిది. మన దగ్గర తడి ఆపిన జాగల మొదటి ఏడు వయ్యారిభామ, రెండో ఏడు సర్కారు తుమ్మ. వానాకాలం బురద. దాన్ని చూసి సభ్యులు కోర్సు పాడుబెట్టిన్రంటరు. సహజంగ వదలడమంటే పని తగ్గుడు కాదు మామా. మొదటి మూడేండ్లు పెరుగుతది.

మామ: పెరగనీ. 40 ఎకరాలు తడి ఆపితే రోజుకు 8 లక్షల లీటర్లు మిగులుతయ్. పట్నంల మనిషికి రోజుకు 135 లీటర్లు ఇయ్యాలని సర్కారు లెక్క. దాదాపు 6 వేల మంది వాడకమంత నీళ్లు. శుద్ధి చేసిన నీళ్లే కానీ, పార్కులకు పోవచ్చు, ఫ్యాక్టరీలకు పోవచ్చు. ఆ 40 ఎకరాలల్ల వయ్యారిభామ పీకటానికి మనుషులను పెట్టు. ఆడోళ్లకు నాలుగు రోజులు పని దొరుకుతది. తంగేడు వెయ్, బోద గడ్డి వెయ్. నాటినాక ఒక వానాకాలం నిలబడితే వాటికి నీళ్లతోని పనే లేదు. తీతువు పిట్టకు గుడ్లు పెట్టే జాగ అయితది.

అల్లుడు: తీతువులు ఇప్పుడే ఉన్నయ్. కోత మిషన్ వాటి గుడ్ల మీదికి పోకుండ కట్టెలు పాతుతం.

మామ: ఇంకో సంగతి. శుద్ధి చేసిన నీళ్లే అని గర్వంగ అంటున్నవ్. వాటిల్ల ఉప్పు ఉండదా? ఏండ్ల తరబడి పెడితే చౌడు తేలదా?

అల్లుడు: తేలుతున్నది. జిప్సం వేస్తం, వానలు పడ్డప్పుడు కడుక్కపోతది అనుకుంటం. డ్రెయిన్లు పూడినకాడ కడుక్కపోట్లే, అక్కడనే పేరుకుంటున్నది. డ్రెయిన్లు ముందు అంటున్నది అందుకే.

మామ: అయితే మనిద్దరం ఒక్క కాడికి వచ్చినం. డ్రెయిన్లు ముందు. మరి నువ్వు గీసిన చెరువులు రెండూ క్లబ్‌హౌస్ ముంగట ఎందుకున్నయ్? ఈ మ్యాపుల వాలు చూడు, నీళ్లన్నీ తూర్పు మూలకు పోతున్నయ్. పల్లంల చెరువు ఉంటది గానీ మిట్ట మీద ఉంటదా?

అల్లుడు: అవి ఆటల అడ్డు కోసం. బంతి వాటిని దాటించాలె. చూపుకూ బాగుంటయ్.

మామ: 2024 సెప్టెంబర్ 1న మన ఎడమ కాలువ నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం కాడ తెగింది. పొలాల మీద ఎంత ఇసుక మేట వేసిందో నువ్వూ చూసినవ్. అదే కాలువకు ప్రపంచ బ్యాంకు అప్పు తెచ్చి ఆధునికీకరణ చేసిన్రు. లైనింగ్ బాగయింది, చివరి భూములకు నీళ్లు పోవుడు మెరుగైంది, కాదనను. కానీ ఒక్క రాత్రి పడే వాన లెక్కే వేరే. నువ్వు కొత్తగ కట్టేది ఏదైనా, ముందు ఆ రాత్రికి కట్టు. తూర్పు మూల చెరువు తవ్వు. వానాకాలం నిండుతది, ఎండాకాలం నాలుగు తడులు దాన్నుంచే వస్తయ్. బంతి దాటించాలంటే అక్కడికే ఒక ఆట మలుపు.

అల్లుడు: రెండు ఫెయిర్‌వేలు, అంటే గ్రీన్ దాకా పోయే పచ్చిక దారులు, తిప్పాల్సొస్తది.

మామ: కొత్తగ గీస్తున్నది ఎందుకు మరి? గోల్కొండల చూడు. కోట మీదికి ఔరంగజేబు వచ్చి పోయినంక, 1656 ప్రాంతంల, అబ్దుల్లా కుతుబ్‌షా బయటికి గోడ పెంచి నయాఖిల్లా కట్టించిండు. ఇప్పుడు గోల్ఫ్ ఆడుతున్నది ఆ నయాఖిల్లా కాడనే. 2014ల పురాతత్వ శాఖోళ్లు అక్కడ తవ్వితే పాత తోట బయటపడ్డది. కాలువలు, మట్టి గొట్టాలు, ఫౌంటెన్లు. మోటారు లేదు, కరెంటు లేదు. ఎత్తు నుంచి పల్లానికి నీళ్లు వాటంతటవే పారినయ్. ఆ నేల మీద ఆడేటోళ్లకు ఆ తోటను మించిన గురువు ఇంకెవరున్నరు?

అల్లుడు: గోల్కొండ పేరెత్తితే నాకు కోపమొస్తది మామా. గోల్ఫోళ్లు కోటను మింగిన్రని అందరూ అంటరు. ఆట లేకపోతే ఆ నేల ఖాళీగ ఉండేదా? కోట గోడల లోపల ఎన్ని ఇండ్లు లేచినయో చూడు. ఆ పచ్చిక ఉండబట్టే ఇప్పటికీ అంత ఆకాశం కనపడుతున్నది. గోల్కొండ మాస్టర్స్ ఆడటానికి దేశంల మంచి ఆటగాళ్లు వస్తరు, గోడను చూస్తరు.

మామ: కబ్జా కాకుండ కాపాడుడు సర్కారు పని. అది చేయలేక ఆటకు అప్పజెప్పి, కాపాడినమనుడు న్యాయం కాదు. నయాఖిల్లాల ఏనుగు చెట్టున్నది. హతియాన్ కా ఝాడ్ అంటరు, ఆఫ్రికా బావొబాబ్. చుట్టుకొలత 27 మీటర్లంట. మన పిల్లలను బస్సుల తీసుకపోయి చూపించాల్సిన చెట్టు. గోల్ఫ్ బంతుల మధ్య నుంచి పిల్లలు ఎట్ల పోతరు? నేల కింద ఇంకా ఏమేం ఉన్నదో తెలియని చోట 30 సెంటీమీటర్లు తవ్వాలన్నా చెయ్యి వణకాలె. అసొంటి కాడ కొత్త డిజైన్ అంటే ఆట వెనక్కి జరుగుడే. తోట ఉన్నకాడ తోట, చెట్టు చుట్టూ జాగ, మిగిలిన దాంట్ల ఆట. పద్దెనిమిది గుంతలు పట్టకపోతే తొమ్మిది.

అల్లుడు: తొమ్మిదైతే పెద్ద పోటీ ఒక్కటి రాదు.

మామ: రాకపోతే రాదు. అదే గోల్కొండల కుతుబ్‌షాహీ సమాధుల కాడ బడీ బావిలి 2013 వానలకు కూలింది. రాయి రాయి ఏరి మళ్లీ కట్టిన్రు. 2022ల యునెస్కో అవార్డు వచ్చింది, గోల్కొండ మెట్లబావులకు. మళ్లీ వాన నీళ్లు నిలుస్తున్నయ్ అండ్ల. పేరు రావాలంటే పోటీలే కావాల్నా?

అల్లుడు: బావిని బాగుచేస్తే దాన్ని వద్దనేటోడు లేడు. ఆటస్థలం అట్ల కాదు. అది రోజూ మనుషులతోని బతకాలె, చందాలతోని నడవాలె. నీ తొమ్మిది గుంతల కోర్సుకు సభ్యులు పోతే, మిగిలిన ఖాళీ నేలను ఎవరు కాపాడుతరు? మళ్లీ సర్కారే అంటవ్.

అల్లుడి ఈ ప్రశ్నకు మామ దగ్గర సరైన జవాబు లేదని నాకనిపించింది. ప్రభుత్వ భూమిని కాపాడాల్సింది ప్రభుత్వమే అన్నంత మాత్రాన కాపాడుతుందని కాదు. చెరువు శిఖాలు ఏమయ్యాయో ఈ జిల్లాలో ఎవరిని అడిగినా చెప్తారు. కానీ మామ వేరే దారి పట్టాడు.

మామ: ఈ ఆట పుట్టిన ఊరు ఏది?

అల్లుడు: స్కాట్లండ్. సెయింట్ ఆండ్రూస్‌ల ఓల్డ్ కోర్స్ అంటే మాకు కాశీ. అక్కడ మొదలు 22 గుంతలు ఆడేటోళ్లు. 1764ల వాటిని 18కి తగ్గించిన్రు. లోకమంతా 18 ఆడుతున్నది దాన్నిబట్టే.

మామ: తగ్గించే చేసిన్రు కదా. ఆ నేల ఎవరిది?

అల్లుడు: ఊరిది. ఉమ్మడి భూమి. ఆదివారం ఆట ఉండదు. ఊరోళ్లు కుక్కలను తీసుకొని, పిల్లలను తీసుకొని ఆ పచ్చిక మీదనే నడుస్తరు.

మామ: లోకంల అందరికన్నా గొప్ప కోర్సు వారానికి ఒక రోజు ఊరికి వదిలేస్తది! మీ కోర్సు ఎందుకు వదలదు? నోట్‌ల అది కూడా రాయి. పైపుల కన్నా, ఇసుక కన్నా ముందు రాయి. మన దిక్కు స్కూలు మైదానాలల్ల గడ్డి పరక ఉండదు. పచ్చిక మీద ఉత్తకాళ్లతోని ఉరికిన పిల్లలు ఎంతమంది?

అల్లుడు: అక్కడిది ఊరి భూమి, ఇక్కడ సభ్యుల పైసలు. ఆదివారమే మాకు ఎక్కువ మంది వచ్చేది. ఆ ఒక్క లైను రాస్తే కమిటీ మొత్తం నోట్‌నే పక్కన పడేస్తది. దాంతోని 40 ఎకరాల తడి తగ్గుడు కూడా పోతది. నేను ఏది గెలవగలనో అదే రాస్త. తడి 100 నుంచి 60 ఎకరాలకు. డ్రెయిన్లు ముందు. ఏడు గ్రీన్లు పూర్తిగ కట్టుడు, పదకొండు పై పొర తీసుడు. పద్దెనిమిది రెండో అంచనాగ కింద ఉంటది, అది తీసెయ్యను. చెరువు తూర్పు మూలకు. తంగేడుకు, బోదకు మూడేండ్ల కూలి ఖర్చు వేస్త.

మామ: ఆ మూడేండ్ల కూలి మొదటి పేజీలనే పెట్టు. వెనక పేజీల పెడితే ముందు దాన్నే కోస్తరు. ఆదివారం సంగతి నీ క్లబ్బుకు వద్దులే. గోల్కొండది మాత్రం కోట నేల, మనందరిది. అక్కడ వారానికి ఒక పూట ఆట ఆపి, ఏనుగు చెట్టు దాకా, తోట దాకా పిల్లలను నడవనియ్యాలని పర్యాటక శాఖకూ పురాతత్వ శాఖకూ నేనే రాస్త. నువ్వు ఆ సెయింట్ ఆండ్రూస్ సంగతి ఒక కాగితం మీద వివరంగ రాసియ్.

అల్లుడు: రాసిస్త. కానీ పూట అని రాయకు మామా. పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా అని టైము పెట్టు. టైము లేని అర్జీకి జవాబు రాదు.